తెగిన మాట ఎవరి మెడకు? ఒక ఫే నవల రెండో భాగం ఎడిటింగ్ కేసు

నా దగ్గరికి వచ్చేసరికి ఈ నవల 52 చాప్టర్లు, ఇంగ్లిష్‌లో దాదాపు 1,80,000 పదాలు. రొమాంటిక్ ఫాంటసీ, ఈమధ్య అందరూ రొమాంటసీ అంటున్న రకం. మూడు భాగాల కథలో రెండోది. రచయిత్రి ఎడిన్‌బరోలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగావిడ. మొదటి భాగాన్ని సొంతంగా కిండిల్‌లో వేసుకున్నారు, దానికి పాఠకులు బాగానే దొరికారు. రెండోదాన్ని మాత్రం బీటా రీడర్లలో (పుస్తకం బయటికి రాకముందే చదివి అభిప్రాయం చెప్పేవాళ్ళు) సగం మంది ఇరవయ్యో చాప్టర్ దాటకముందే పక్కన పెట్టేశారు. ఎవరూ తిట్టలేదు. "టైమ్ దొరికినప్పుడు చదువుతాం" అన్నారంతే. ఎడిటర్‌కి తిట్లకంటే ఈ మాటే ఎక్కువ టెన్షన్.

కథ నెమ్మదించిందేమోనని ఆవిడ అప్పటికే రెండు యుద్ధాలు అదనంగా చేర్చారు. నాకు పంపిన మెయిల్లో అడిగింది కూడా అదే: ఇంకెక్కడ వేగం పెంచాలి? చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, వేగానికి లోటేమీ లేదు. అసలు చిక్కు నాయికకు వచ్చిన శక్తిలో ఉంది. ఆ శక్తి వచ్చిన రోజే కొలువు రాజకీయం చచ్చిపోయింది. ప్రేమకథ అక్కణ్ణించి కుంటడం మొదలుపెట్టింది.

ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. పుస్తకం పేరు, పాత్రల పేర్లు బయటపెట్టకూడదని మా ఒప్పందం. అందుకని పాత్రల్ని వాళ్ళ వృత్తితోనో హోదాతోనో పిలుస్తాను.

కథ

17వ శతాబ్దం చివరి రోజులు. స్కాట్లండ్ దక్షిణ సరిహద్దు, మెల్‌రోజ్ ఊరి పక్కన ఎయిల్డన్ కొండలు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ ఒక కమ్మరి కూతురు కొండ కిందికి దిగుతుంది. అక్కడ ఫే జాతి, అంటే ఆ ప్రాంతపు జానపద గాథల్లోని మాయాజాతి, రాణి కొలువు ఉంది. రెక్కలున్న చిట్టి పొట్టి దేవకన్యలు కారు వీళ్ళు. మనిషంత ఎత్తు, మనిషికంటే అందం, చావులేని బతుకు. ఇనుము తగిలితే ఒళ్ళు కాలుతుంది. అబద్ధం నోటంట రాదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేరు. రాణి తమ్ముడైన రాకుమారుడు ఆ అమ్మాయిని కాపాడతాడు, ప్రేమిస్తాడు. మొదటి భాగం చివర్లో ఆమె చచ్చిపోయి, ఫేగా లేస్తుంది. తమ్ముడు ఇంటికి చేరతాడు, ఆమె కొండ కింద ఉండిపోతుంది.

రెండో భాగంలో ఆమెకో శక్తి ఉందని తెలుస్తుంది. చెయ్యి పట్టుకుందంటే ఎదుటి మనిషి చేసిన ఏ ప్రమాణాన్నైనా తెంచేయగలదు. పక్క కొలువు నుంచి ఒక దూత వస్తాడు. ఆమె మనసు మెల్లగా రాకుమారుణ్ణి వదిలి అతని వైపు తిరుగుతుంది. అతనేమో రాణికిచ్చిన ఒక మాటకు కట్టుబడి ఉన్నవాడు.

ఊహగా ఇది చాలా మంచిది. మాట మీద నిలబడిన కొలువులోకి మాట తెంచే మనిషి వచ్చింది. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆ లోకంలో ఉండదు. డ్రాఫ్ట్‌లో మాత్రం ఆ ప్రమాదం ఎవరికీ తగల్లేదు. ఆమె పద్నాలుగు ప్రమాణాలు తెంచింది. తెంచిన ప్రతిసారీ ఒకరు ఏడ్చారు, ఒకరు థాంక్స్ చెప్పారు, కథ ముందుకెళ్ళింది. పద్నాలుగో చాప్టర్లో దూత కట్టు కూడా తెంచేసింది. ఇక వాళ్ళిద్దరూ కలవకుండా ఆపేది ఏముంది? ఏమీ లేదు కాబట్టి రచయిత్రి ఒక అపార్థం పెట్టారు. దాని మీద ఇరవై చాప్టర్లు లాగారు. పాఠకులు లేచిపోయింది సరిగ్గా అక్కడే.

పట్టికలు

ఇలాంటి నవలకు నేను ముందు రెండు పనులు చేస్తాను. ఒకటి, మొదటి భాగాన్ని చదివి అది పాఠకుడికి ఏమేం మాటిచ్చిందో రాసుకోవడం. సీక్వెల్ ఎడిటింగ్‌లో ఉన్న ఇరుకంతా ఇక్కడే. మొదటి పుస్తకం జనం చేతుల్లోకి వెళ్ళిపోయింది, అందులో ఏం రాసి ఉంటే అదే నిజం. రెండోది, ఎక్సెల్‌లో రహస్యాల పట్టిక. అడ్డంగా పాత్రలు, నిలువుగా రహస్యాలు, గడిలో ఆ రహస్యం ఆ పాత్రకు తెలిసిన చాప్టర్ నంబరు.

ఈ నవలలో రహస్యాలు పదకొండు తేలాయి. ఇరవై ఆరో చాప్టర్‌కల్లా అందులో తొమ్మిది నాయికకు తెలిసిపోయాయి. ఎలా తెలిశాయో చూస్తే, ఐదు సార్లు తెర వెనక నిలబడి వినింది. మన డైలీ సీరియళ్ళలో కిటికీ పక్కన నక్కే అత్తగారు గుర్తొచ్చారు నాకు. ఆ మాటే మార్జిన్ కామెంట్లో రాశాను, ఆవిడ నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకున్నారు. ఇంకోటి, రాణిగారి దివాన్‌కి ముప్పై ఆరో చాప్టర్లో తెలియాల్సిన సంగతిని ఆధారం చేసుకుని అతను ముప్పై ఒకటిలోనే ఎత్తు వేశాడు. బీటా రీడర్లెవరూ దీన్ని పట్టుకోలేదు. వాళ్ళలో సగం మంది అంతదూరం రానేలేదు మరి.

మొదటి భాగం పట్టికలో ఇంకో ముక్క దొరికింది. రెండో చాప్టర్లో కమ్మరి ఇంటి గుమ్మం మీద గుర్రపు నాడా ఉంటుంది. ఫే లోపలికి రాకుండా సరిహద్దు పల్లెల్లో కొట్టుకునేదే. రెండో భాగం మూడో చాప్టర్లో ఫేగా మారిన నాయిక ఆ గుమ్మంలోంచే దర్జాగా లోపలికి నడిచి, నాన్నను కావలించుకుంటుంది. దీని సంగతి తర్వాత చెప్తాను.

తెగిన మాట ఎక్కడికి పోతుంది?

ఆవిడకు నేను రాసిన లెటర్ పెద్దదే. అందులో పనికొచ్చింది ఒక్క ప్రశ్న: తెగిన మాట ఎక్కడికి పోతుంది?

ఆ ప్రశ్న నాకు తట్టడానికి ఎయిల్డన్ కొండల పాత గాథే కారణం. కవి థామస్‌ను ఫే రాణి తీసుకెళ్ళి ఏడేళ్ళు ఉంచుకుంటుంది. పంపేటప్పుడు అబద్ధమాడలేని నాలుకను బహుమతిగా ఇస్తుంది. ఆ గాథలో నాకు అన్నిటికంటే నచ్చేది థామస్ గోల. ఈ నాలుకతో సంతలో ఏం కొంటాను, ఏం అమ్ముతాను, ప్రభువుల దగ్గర ఎలా మాట్లాడతాను, ఆడవాళ్ళను ఏమని మెప్పిస్తాను అని మొత్తుకుంటాడు. వచ్చిన శక్తి అతన్ని కొలువుకు పనికిరాకుండా చేసింది. కొత్త శక్తి కథలో ఎలా పనిచేయాలో అంతకంటే బాగా నేను చెప్పలేను. మన నాయికకు మాత్రం వచ్చిన శక్తివల్ల లాభాలే తప్ప ఒక్క తలనొప్పి కూడా లేదు.

వారం తర్వాత జవాబొచ్చింది. "ఎక్కడికీ పోదండీ. తెంచినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది." పూచీ పడినవాడే బాకీ తీర్చాలన్న మాట. పల్లెటూరి అప్పుల సంగతి తెలిసిన ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. ఆవిడకు కూడా అలానే తట్టిందనుకుంటాను. ఇక్కణ్ణించి నవల మారిపోయింది.

ఒక సీన్ దగ్గరగా చూపిస్తాను. డ్రాఫ్ట్‌లో ఎనిమిదో చాప్టర్. వంటింట్లో ఒక పనిపిల్ల ఏడేళ్ళ చాకిరీకి మాటిచ్చి, మూడేళ్ళు గడిపి, ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటుంది. నాయిక చెయ్యి పట్టుకుని ఆ మాట తెంచేస్తుంది. పిల్ల వెళ్ళిపోతుంది, నాయిక మనసు నిండుతుంది, చాప్టర్ అయిపోతుంది. కొత్త రాతలో చాప్టర్ అక్కడ ఆగదు. మర్నాడు తెల్లవారకముందే దివాన్ మనిషి ఒక వెండి పళ్ళెం తెస్తాడు. పళ్ళెంలో మడత పెట్టిన ఏప్రన్, వంటింటి తాళంచెవి. "మిగిలింది నాలుగేళ్ళండీ. దివాన్‌గారు తొందరేమీ లేదన్నారు, ఎండెక్కేలోపు వస్తే చాలు" అంటాడు. కొలువంతా గడగడలాడే మనిషి పొద్దున్నే గిన్నెలు తోముతుంది. రాత్రి విందులో రాణి పక్కన కూర్చుంటుంది. చేతులు నాని, ముడతలు పడి ఉంటాయి. అందరూ చూస్తారు, ఎవరూ ఏమీ అనరు.

ఈ ఒక్క మార్పు రెండు పనులు చేసింది. దివాన్‌కి ఆమె మీద హక్కు వచ్చింది, అంటే కొలువులో ఆమెతో బేరం ఆడటానికి ఒక కారణం పుట్టింది. రెండో లాభం నేను ఊహించనిది, రచయిత్రే పట్టుకున్నారు. వంటింట్లో ఉన్న మనిషికి తెరల వెనక నక్కాల్సిన అవసరమే లేదు. ఎవరికి ఏ గదికి ఎన్ని పళ్ళేలు వెళ్ళాయో, ఎవరి పళ్ళెం ముట్టకుండా తిరిగొచ్చిందో అన్నీ చేతికి తగులుతాయి. పక్క కొలువు దూత గదికి రెండు పళ్ళేలు వెళ్తున్నాయని ఆమె అలాగే కనిపెడుతుంది. ఐదు చాటుమాటు సీన్లలో నాలుగు ఎగిరిపోయాయి.

తెంచిన ప్రమాణాలు పద్నాలుగు నుంచి ఐదుకు దిగాయి. ఐదింటికీ ఎవరికి ఏం హక్కు వచ్చిందో పక్కనే రాసుకున్నాం.

కాలం లెక్క కూడా ఇక్కడే కుదిరింది. డ్రాఫ్ట్‌లో అన్నీ "కొన్నాళ్ళకు", "ఆ తర్వాత". స్కాట్లండ్‌లో అద్దెలకూ, పనివాళ్ళను కుదుర్చుకోవడానికీ ఏడాదిలో నాలుగు గడువు రోజులుండేవి: ఫిబ్రవరి 2, మే 15, ఆగస్టు 1, నవంబరు 11. అబర్‌ఫాయిల్ పాదిరి రాబర్ట్ కర్క్ 1690ల మొదట్లో ఫే జాతి గురించి రాసిపెట్టిన సంగతుల్లో, వాళ్ళు ఏడాదికి నాలుగు సార్లు, ప్రతి మూడు నెలల మొదట్లో కాపురం మారుస్తారని ఉంది. వాళ్ళకు ప్రభువులూ చట్టాలూ ఉంటాయని కూడా ఉంది. ఈ రెండూ కలిపితే కొలువుకు క్యాలెండరు దొరికినట్టే. నవల ఇప్పుడు నవంబరు 11న మొదలై నాలుగు చోట్లకు మారుతుంది. చోటు మారిన ప్రతిసారీ ఆతిథ్యమిచ్చే ప్రభువు మారతాడు, దాంతో బలాబలాలూ మారతాయి. (ఊరి పాదిరి బల్ల మీద కర్క్ అచ్చు పుస్తకం ఉన్నట్టు డ్రాఫ్ట్‌లో ఉంది. అది మొదటిసారి అచ్చయింది 1815లో. చేతిరాత నకలు అని మార్చాం.)

ఇద్దరు మగవాళ్ళు

మొదటి భాగంలో ప్రేమించినవాణ్ణి రెండో భాగంలో వదిలి ఇంకొకరి వైపు వెళ్ళడం ఈ రకం నవలల్లో మామూలే. పాఠకులు రెండు జట్లుగా విడిపోతారు, అదీ మామూలే. ఆ మార్పును తేలిక చేసుకోవడానికి మొదటివాణ్ణి రాత్రికి రాత్రి దుర్మార్గుణ్ణి చేయడం మాత్రం నాకు మింగుడుపడదు. డ్రాఫ్ట్‌లో రాకుమారుడు పదో చాప్టర్లో ఉన్నట్టుండి చెయ్యి ఎత్తుతాడు. మొదటి భాగం చదివినవాళ్ళు నమ్మరు, నమ్మకూడదు కూడా.

మొదటి భాగం పట్టికే ఇక్కడ అక్కరకొచ్చింది. అందులో ఒక రాత్రి రాకుమారుడు ఆమె గదికి బయట గొళ్ళెం పెడతాడు, ఆమె క్షేమం కోసం. అప్పట్లో పాఠకులకు అది ముద్దొచ్చింది, కిండిల్‌లో చాలామంది హైలైట్ చేసిన వాక్యం కూడా అక్కడిదే. అప్పుడామె మనిషి, కొండ కింద ఏది తిన్నా ఏది తాగినా ప్రమాదమే. ఇప్పుడామె ఫే, అతనికంటే బలవంతురాలు. అతను మళ్ళీ అదే గొళ్ళెం పెడతాడు, అదే మాట అంటాడు, అంతే ప్రేమగా. అతను ఏమాత్రం మారలేదు, ఆమె మారింది. చెయ్యి ఎత్తే సీన్ తీసేసి దీన్ని పెట్టారు. ఒక్క అరుపు లేదు. నవలలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన సీన్ అదే.

ఇక దూత. అతను రాణికిచ్చిన మాట ఏమిటో డ్రాఫ్ట్‌లో సరిగ్గా లేదు, "విధేయత" అని మాత్రం ఉంది. విధేయత అంటే పాఠకుడికి ఏం కనబడుతుంది? అదే సరిహద్దులో సెల్కర్క్ ఊరి దగ్గరున్న కార్టర్‌హా అడవిలో జరిగే టామ్ లిన్ గాథ ఆవిడకు కంఠతా వచ్చు. టామ్ లిన్ ఫే రాణి పట్టుకెళ్ళిన మనిషి. ఫే కొలువు ఏడేళ్ళకోసారి నరకానికి కప్పం కట్టాలి. ఈసారి కప్పంగా వెళ్ళేది తనేనేమోనని టామ్ లిన్ భయం. హాలోవీన్ (అక్టోబరు 31) రాత్రి తన చేతుల్లో అతను పాముగా, మృగంగా, నిప్పుగా ఎలా మారినా వదలకుండా పట్టుకుని, అతన్ని ప్రేమించిన జానెట్ గెలుచుకుంటుంది. రాణి ఓడిపోయాక ఏడ్చేది బలం చాలలేదని కాదు. ముందే తెలిసుంటే అతని కళ్ళు తీసి కొయ్య కళ్ళు పెట్టేదాన్నని. కొలువు రాజకీయం అంటే ఎవరికి ఏది ఎప్పుడు తెలిసిందన్న లెక్కేనని ఆ గాథ ఎప్పుడో చెప్పేసింది.

ఆ కప్పాన్నే వాడుకుందామన్నారు ఆవిడ. దూత తన సొంత తమ్ముడి బదులు కప్పంగా వెళ్తానని రాణికి మాటిచ్చి ఉన్నాడు. నాయిక అతని మాట తెంచితే, హాలోవీన్ రాత్రి వెళ్ళాల్సింది ఆమె. తెంచకపోతే అతను. ఆ సంగతి అతను దాచిపెట్టి, నలభయ్యో చాప్టర్లో బయటపడాలని ఆవిడ మొదటి ఆలోచన. నేను ఒప్పుకోలేదు. మగవాడు ఆడమనిషి మేలు కోసం నిజం దాచడం రాకుమారుడి గొళ్ళెం లాంటిదే కదా, మరి ఇతను వేరెలా అవుతాడు? చాలాసేపు వాదించుకున్నాం, ఫోన్లో కూడా. చివరికి పదిహేడో చాప్టర్లోనే అతను చెప్పేస్తాడు. ఇద్దరికీ తెలుసు, పాఠకుడికీ తెలుసు. ఆమె అతని చెయ్యి పట్టుకోవాలంటే భయం. పట్టుకుంటే తెంచాలనిపిస్తుందేమోనని. ముప్పై చాప్టర్ల పాటు వాళ్ళిద్దరూ చేతులు తగలకుండా తిరుగుతారు. నాట్యం చేయాల్సిన సీన్‌లో ఇద్దరూ తోలు తొడుగులు వేసుకుని వస్తారు, కొలువు గుసగుసలాడుతుంది. అపార్థం పెట్టిన ఇరవై చాప్టర్లలో రాని వేడి ఆ తొడుగుల సీన్లో వచ్చింది.

అబద్ధం రాని నోళ్ళు

ఫే నోట అబద్ధం రాదన్న నియమం రాసినంత తేలిక కాదు పాటించడం. ఇరవై రెండో చాప్టర్లో దివాన్ దూతను అడుగుతాడు: "నిన్న రాత్రి మిల్లు దగ్గరికి వెళ్ళావా?" దూత "లేదు" అంటాడు. వెళ్ళాడు. డ్రాఫ్ట్‌లో ఇలాంటివి ఆరు. ఈ రకం పాఠకులు ఇలాంటివి క్షమించరు, రివ్యూలో చాప్టర్ నంబరుతో సహా రాస్తారు.

మార్చాక ఇలా ఉంది.

"నిన్న రాత్రి మిల్లు దగ్గరికి వెళ్ళావా?"

"అంత వానలోనా?"

"నేను అడిగింది వాన సంగతి కాదు."

"తమరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తే, తమరి మనుషులు ఆ వానలో అక్కడేం చేస్తున్నారని నేను అడగాల్సొస్తుంది. అడగమంటారా?"

దివాన్ నవ్వి, వైన్ పోయమంటాడు. దూత ఎక్కడా అబద్ధమాడలేదు. దివాన్‌కి జవాబూ తెలిసిపోయింది, ఇక ముందుకెళ్ళకూడదనీ తెలిసింది. ఆరు చోట్లా ఇలాగే చేయమని చెప్పలేదు నేను, మొదటిది కలిసి చేశాం. మిగతా ఐదు ఆవిడే రాశారు. నా మొదటిదానికంటే బాగున్నాయి.

గుమ్మం

ఇప్పుడు నాడా సంగతి. ఆవిడకు చెప్పగానే "అయ్యో, నాడాను తీసేశారని ఒక్క ముక్క రాసేస్తానండీ" అన్నారు. అలా రాయొద్దన్నాను. ఇనుము దెబ్బ నవల మొత్తంలో ఒకేసారి, అదీ యుద్ధంలో, కత్తి రూపంలో వస్తోంది. కమ్మరి కూతురికి ఇనుము అంటే కత్తి కాదు కదా, ఇల్లు.

కొత్త మూడో చాప్టర్లో ఆమె వాకిట్లోనే ఆగిపోతుంది. గుమ్మానికి మూడు అడుగుల దూరంలో పళ్ళు జివ్వుమంటాయి. లోపల కొలిమి ముందు నాన్న వెనక్కి తిరిగి ఉంటాడు. ఆమె పిలుస్తుంది. నాన్న వస్తాడు, చూస్తాడు, గుర్తుపడతాడు. పట్టకారు చేతిలోనే ఉంటుంది. నాడా తీయడానికి చెయ్యి పైకెత్తుతాడు. ఎత్తి, ఆగుతాడు. లోపల నిద్రపోతున్న తమ్ముడి వైపు చూస్తాడు. ఆ నాడా ఆ పిల్లాడి కోసం. తర్వాత పట్టకారు బయట నేల మీద పెట్టి, తనే గుమ్మం దాటి వాకిట్లోకి వస్తాడు. నాడా అక్కడే ఉంటుంది. తండ్రీకూతుళ్ళు వానలో తడుస్తూ మాట్లాడుకుంటారు.

ఆవిడ దీన్ని ఒక్క రాత్రిలో రాసి పంపారు. నేను ఒక్క విశేషణం కొట్టేశాను, అంతే.

మిగిలినవి

ఆవిడ ఒప్పుకోనివి కూడా ఉన్నాయి. ముప్పై మూడో చాప్టర్లో పక్క కొలువు పెళ్ళివిందు వస్తుంది, 9,000 పదాలు. మూడో వంతు కోయమన్నాను. వడ్డించిన ప్రతి వంటకం గురించీ ఉంది అందులో. "మా పాఠకులు దీనికోసమే వస్తారండీ, మీరు కాదంటే ఎలా" అన్నారు. ఆవిడ పుస్తకం, ఆవిడ పాఠకులు. వదిలేశాను. ఇప్పటికీ అది ఎక్కువేనని నా అభిప్రాయం. అదనంగా చేర్చిన రెండు యుద్ధాల్లో ఒకటి పోయింది, ఒకటి మిగిలింది.

ముగింపు గురించి కూడా పూర్తిగా ఏకీభవించలేదు. హాలోవీన్ రాత్రి నాయిక దూత మాట తెంచదు, రాణి మాట తెంచుతుంది, అంటే కప్పం కడతానని నరకానికి రాణి ఇచ్చిన మాట. అది ఇప్పుడు నాయిక మెడకు చుట్టుకుంటుంది. ఏడేళ్ళకోసారి కప్పం కట్టాల్సింది ఇక ఆమే. దూత బతుకుతాడు, ఆ ఏడాదికి ఎవరూ వెళ్ళరు, కానీ కొలువుకు కొత్త రాణి ఎవరో ఆ క్షణంలో తేలిపోతుంది. అద్భుతమైన మలుపు. నా అభ్యంతరం ఒక్కటే, ఆ తర్వాత ఇద్దరి కలయికకు ఇచ్చిన చాప్టర్ మరీ ప్రశాంతంగా ఉంది. అంత పెద్ద బాకీ నెత్తిన వేసుకున్న మనిషి అంత హాయిగా నిద్రపోతుందా? ఆవిడ ఒక వాక్యం కలిపారు: పనిపిల్ల నాలుగేళ్ళలో ఇంకా మూడు మిగిలే ఉన్నాయి, ఈ ఏడాది లెక్క నవంబరు 11కి గానీ తీరదు, కాబట్టి కొత్త రాణి మర్నాడు పొద్దున్నే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాలి. దానితో నేను సర్దుకున్నాను.

చివరి రాతప్రతి 49 చాప్టర్లు, 1,58,000 పదాలు. రెండో విడత బీటా చదువుకు పాతవాళ్ళను పిలవొద్దని, మొదటి భాగం చదివి రెండోది చూడనివాళ్ళకే ఇమ్మని చెప్పాను. ఇరవయ్యో చాప్టర్ దగ్గర ఎవరూ ఆగలేదు. ఫిర్యాదులు వేరే వచ్చాయి. రాకుమారుడికి అన్యాయం జరిగిందని ఇద్దరు పేజీలకు పేజీలు రాశారు. దివాన్‌కి ఇంకా సీన్లు కావాలని ఎక్కువమంది అడిగారు. మూడో భాగానికి ఆవిడ రాయడం మొదలుపెట్టకముందే నాకు ఒక ఎక్సెల్ షీటు పంపారు. రహస్యాలది కాదు, బాకీలది. మొదటి వరసలో దివాన్ పేరుంది.